షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవాలంటే ముందు చదవడం మొదలుపెట్టండి

షార్ట్‌హ్యాండ్, అంటే ఒకరు చెబుతుంటే వెంటవెంటనే రాసుకునే పొట్టి గీతల రాత, నేర్చుకుంటామని వచ్చేవాళ్లు మొదట అడిగేది స్పీడ్ గురించే. నిమిషానికి ఎనభై మాటలు ఎన్నాళ్లకి వస్తుంది, నూట ఇరవై ఎన్నాళ్లకి వస్తుంది అని. డిక్టేషన్ తీసుకోవడమే ఉద్యోగంగా ఉండి, రిటైరయ్యాక తీరిగ్గా నేర్పుతున్న నాకు ఆ ప్రశ్న వింటే కాస్త విసుగే. "రాసింది వారం ఆగి చదవగలవా?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. షార్ట్‌హ్యాండ్‌లో వేగమంతా మాటలో కొంత భాగాన్ని రాయకుండా వదిలేయడం వల్ల వస్తుంది. వదిలేసినదాన్ని మళ్లీ తెచ్చుకోలేకపోతే మిగిలేది కాగితం మీద గీతలు మాత్రమే. అందుకే నేను చెప్పే పద్ధతిలో చదవడం ముందు, రాయడం తర్వాత, స్పీడ్ ఆఖరున వస్తాయి.

అవసరమేమిటో ఒక్క లెక్కలో చెప్పేస్తాను. మామూలు రాతలో నిమిషానికి పాతిక, ముప్ఫై మాటలు దాటడం కష్టం. ఇంగ్లీషులో మామూలుగా మాట్లాడేవాళ్లు నిమిషానికి 120 నుంచి 150 మాటలు మాట్లాడతారు. ఈ తేడాని చేతివేగం పూడ్చలేదు. రాసే పద్ధతే మారాలి. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారా, చేసుకోండి. కానీ గంట రికార్డింగ్‌లో ఒక్క అంకె కావాలంటే అది ఎక్కడుందో వెతుక్కుంటూ వినాలి. నోట్‌బుక్‌లో అయితే రెండు పేజీలు తిప్పితే కంటికి దొరుకుతుంది.

ఏ పద్ధతి

ఐజాక్ పిట్‌మన్ 1837లో ప్రచురించిన పద్ధతిలో సన్నగీత, మందగీత తేడా ముఖ్యం. జాన్ రాబర్ట్ గ్రెగ్ 1888లో తెచ్చినదానిలో మందగీతలు లేవు. గీత పొడవు మారితే అక్షరం మారుతుంది, అచ్చులు చిన్న సున్నాలుగా, కొక్కేలుగా మాటలోనే కలిసిపోతాయి. 1968లో జేమ్స్ హిల్ తెచ్చిన టీలైన్ ఇంగ్లీషు అక్షరాలనే చెక్కి చిన్నవి చేసింది. బ్రిటన్‌లో విలేఖరులు ఎక్కువగా దాన్ని నేర్చుకుంటారు. తొందరగా పనికి రావాలంటే టీలైన్ సులువు. నేను పిట్‌మన్ మనిషిని, నేర్పేదీ అదే, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ఒకటి ఎంచుకున్నాక మధ్యలో రెండోదాని జోలికి పోవద్దు. రెండూ కలిసిపోతే ఏదీ చదవలేరు.

సామాను పెద్దగా అక్కర్లేదు. పైన స్పైరల్ ఉన్న రూళ్ల నోట్‌బుక్, బాగా చెక్కిన హెచ్‌బీ పెన్సిళ్లు రెండు. బాల్ పెన్‌తో మొదలుపెట్టకండి, నొక్కినా నొక్కకపోయినా అది ఒకేలా రాస్తుంది. ఎడమవైపు మార్జిన్ కొట్టుకోండి, దాని అవసరం తర్వాత తెలుస్తుంది. ప్రతి పేజీ పైనా తేదీ వేయండి.

తెలుగు వాళ్లకున్న సౌలభ్యం

పిట్‌మన్ ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని పట్టించుకోలేదు, చెవికి వినపడేది రాయమన్నాడు. మనకి ఇది కొత్త కాదు. పలికినట్టు రాయడం పలక మీదే నేర్చుకున్నాం. ఇంకో మంచి సంగతి ఉంది. ఆయన హల్లులు జంటలుగా వస్తాయి. ప గీతకి బ, ట గీతకి డ, చ గీతకి జ, క గీతకి గ. జంటలో రెండింటి ఆకారం ఒకటే, మొదటిది సన్నం, రెండోది మందం. బళ్లో చదివిన పరుషాలు, సరళాలు గుర్తున్నాయా? క చ ట ప పరుషాలు, గ జ డ బ సరళాలు. పరుషం సన్నగీత, సరళం మందగీత అనుకుంటే సరిపోయింది. ఇలా చెప్పినప్పుడు పిల్లలు ఈ ఎనిమిది గీతల్నీ ఒక్క పూటలో పట్టేస్తారు.

ప, బ పైనుంచి కుడివైపుకి వాలుతూ కిందికి దిగుతాయి. ట, డ నిట్టనిలువు. చ, జ పైనుంచి ఎడమవైపుకి వాలుతూ దిగుతాయి. క, గ ఎడమనుంచి కుడికి అడ్డంగా. తర్వాత వంపులు: ఎఫ్, వి, ఎస్, ఎమ్, ఎన్, ఎల్ లాంటివి. వీటికి పుస్తకం చూడండి, మాటల్లో చెబితే తికమకే.

ఒక్క జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పాలి. 'ర'కి ఉన్న రెండు రూపాల్లో ఒకటి కిందినుంచి పైకి గీసే వాలుగీత. 'చ' పైనుంచి కిందికి గీసే వాలుగీత. 'చ' నిటారుగా, 'ర' పడుకున్నట్టుగా ఉండాలి. మొదటి నెలల్లో ఎవరి నోట్స్ చూసినా ఈ రెండూ ఒకేలా ఉంటాయి. గీసిన దిక్కు కాగితం మీద కనపడదు కదా. అందుకని వాలు తేడాని కళ్లకి అలవాటయ్యేదాకా పెద్దగా, నెమ్మదిగా గీయండి.

అచ్చుల్ని పెట్టి, తర్వాత తీసేయాలి

అచ్చులు చుక్కలు, చిన్న గీతలు. హల్లు గీత మొదట్లో, మధ్యలో, చివర అని మూడు చోట్ల పెడతారు. పొడుగు అచ్చులకి 'పా మే వి ఆల్ గో టూ', పొట్టి అచ్చులకి 'దట్ పెన్ ఈజ్ నాట్ మచ్ గుడ్' అని తరతరాలుగా కంఠతా పట్టిస్తున్న వాక్యాలు రెండున్నాయి. ఒక్కో మాటలో ఒక్కో అచ్చు, వరసగా మొదటి చోటు, రెండో చోటు, మూడో చోటు, మళ్లీ అదే వరస. ఇవి నోటికి వచ్చేదాకా ముందుకి వెళ్లకండి.

అసలు తెలివి ఇక్కడుంది. 'ప్యాట్', 'పెట్', 'పిట్' మూడింటికీ హల్లులు ఒకటే. మొదటి చోటు అచ్చు ఉన్న మాటని రూళ్ల గీతకి పైన రాస్తారు, రెండో చోటుదైతే గీతని ఆనించి, మూడోదైతే గీతని కోస్తూ. అంటే చుక్క పెట్టకపోయినా మాట ఎక్కడ కూర్చుందో చూసి అచ్చు ఏమై ఉంటుందో పట్టుకోవచ్చు. తీసేసినదాని ఆనవాలు ఇంకోచోట దాచిపెట్టడమన్నమాట. షార్ట్‌హ్యాండ్ మొత్తంలో నాకు ఇంతకంటే అందమైన ఏర్పాటు కనిపించలేదు.

కానీ అచ్చుల్ని మొదటినుంచే వదిలేయకండి. మొదట్లో ప్రతి మాటకీ అన్ని అచ్చులూ పెట్టండి. మాట ఆకారం, అదే అవుట్‌లైన్, చూడగానే నోట్లోంచి మాట రావడం మొదలయ్యాక ఒక్కొక్కటే మానేయండి. 'పొజిషన్', 'పొసెషన్', 'అపొజిషన్' లాంటి మాటల్లో హల్లులు దాదాపు ఒకటే. ఇలాంటి చోట ఎంత స్పీడొచ్చినా ఒక్క అచ్చు పెట్టి తీరాలి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా అంతే. కొత్త పేరు వస్తే మామూలు రాతలోనే రాసేయండి. అంకెలు అంకెలుగానే రాయండి.

ఇంకా కుదించడం

'ఎస్' చిన్న సున్నా అవుతుంది. గీత చివర చిన్న కొక్కెం తగిలిస్తే 'ఎన్' చేరుతుంది. గీతని సగానికి కుదిస్తే 'ట' గానీ 'డ' గానీ చేరుతుంది: 'క' గీత సగమైతే 'క్యాట్', 'బ' గీత సగమైతే 'బెడ్'. వంపుగీతని రెట్టింపు చేస్తే 'టర్', 'దర్' లాంటివి చేరతాయి. 'మదర్', 'ఫాదర్', 'లెటర్' ఒక్కొక్క గీతలో అయిపోతాయి. సగం గీత నిజంగా సగమే ఉండాలి, రెట్టింపు నిజంగా రెట్టింపు ఉండాలి. స్పీడ్ పెరిగేకొద్దీ అన్ని గీతలూ ఒకే పొడవుకి వచ్చేస్తాయి, నోట్స్ చదవలేకపోవడానికి నేను చూసిన కారణాల్లో పెద్దది ఇదే. నూట ఇరవైలో రాసేవాళ్లని కూడా అప్పుడప్పుడూ అరవైకి దింపి, పొడవులు సరిచేసి పంపుతుంటాను. వాళ్లకి నచ్చదు.

తరచుగా వచ్చే మాటలకి షార్ట్ ఫామ్స్ ఉంటాయి. 'ట' గీత ఒక్కటే రూళ్ల మీద ఉంటే 'ఇట్', 'డ' ఉంటే 'డూ', 'బ' ఉంటే 'బీ', 'చ' ఉంటే 'విచ్'. వీటిని ఆలోచించకుండా రాయగలగాలి. పరీక్ష గదిలో 'విచ్'కి ఒక్క క్షణం ఆగితే వెనక నాలుగు మాటలు పోతాయి. తర్వాత ఫ్రేజింగ్. 'ఇట్ ఈజ్', 'ఇన్ ఆర్డర్ టు' లాంటివి పెన్సిల్ ఎత్తకుండా ఒకే గీతలో. ఆఫీసు మాటలకి గీతని గీతతో కోసే పద్ధతి కూడా ఉంది. ముందు మాటని 'గ' గీత కోస్తే గవర్నమెంట్, 'డ' కోస్తే డిపార్ట్‌మెంట్, 'క' కోస్తే కంపెనీ. సొంతంగా ఫ్రేజులు కనిపెట్టే సరదా అందరికీ పుడుతుంది. కనిపెట్టండి, కానీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. అక్కడ రాయనిది వాడొద్దు.

రోజూ చేయాల్సిన పని

ముందు అచ్చువేసిన షార్ట్‌హ్యాండ్ పాఠం తీసుకుని గట్టిగా చదవండి. తడబడ్డ అవుట్‌లైన్లని విడిగా ఒక వరస రాయండి. తర్వాత పాఠం మొత్తం చూసి రాయండి. అప్పుడు అదే పాఠాన్ని ఎవరిచేతనైనా నెమ్మదిగా చెప్పించుకుని రాయండి. తప్పుల్లేకుండా వచ్చాక నిమిషానికి పది మాటలు పెంచి మళ్లీ అదే పాఠం. కొత్త పాఠం ఎప్పుడూ కొంచెం తక్కువ స్పీడ్‌తో మొదలు. ఆదివారం ఆరుగంటలు కూర్చునే కంటే రోజూ అరగంట మేలు. వేళ్లు వారం రోజుల గ్యాప్‌ని క్షమించవు.

డిక్టేషన్‌లో మనిషి వెంటే పరిగెత్తకండి. నాలుగైదు మాటలు వెనక ఉండండి. కొత్తవాళ్లకి ఇది టెన్షన్, మాట వినపడగానే కాగితం మీద పడాలనుకుంటారు. కానీ వెనక ఉంటేనే రాబోయే ఫ్రేజు తెలుస్తుంది, ఒకే గీతలో కలపగలుగుతారు. పేజీ సగం దాటగానే ఎడమచేతి బొటనవేలితో కాగితాన్ని కొంచెం కొంచెం పైకి జరుపుతూ ఉంటే, చివరి లైను అవగానే ఒక్క విసురుతో తిరుగుతుంది.

మాట తప్పిపోతే? ఖాళీ వదిలి, మార్జిన్‌లో ఒక అడ్డగీత పెట్టి, ముందుకి వెళ్లిపోండి. దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ఆగితే మొత్తం వాక్యం పోతుంది. మార్జిన్ ఉన్నది అందుకే. చెబుతున్న మనిషి వెనక్కి వెళ్లి ఏదైనా మార్చినా అక్కడే రాయాలి. డిక్టేషన్ అయ్యాక ఆయన లేచేలోపు ఆ అడ్డగీతల్నే చూసి అడగండి.

ఎంతవరకూ వెళ్లొచ్చో తెలియాలంటే, 1922లో న్యూయార్క్‌లో నేథన్ బెహ్రిన్ అనే ఆయన పిట్‌మన్ పద్ధతిలో రెండు నిమిషాల పరీక్షలో నిమిషానికి 350 మాటలు రాశాడు. మా పిల్లలు ఆ స్పీడ్‌కి నోరెళ్లబెడతారు. నేను మాత్రం అంత స్పీడ్‌లో తీసుకున్న ఆ నోట్స్‌లో తప్పులు రెండే వచ్చాయని చెబుతాను.

వారానికోసారి పాత నోట్స్ తీయండి. అదే రోజు రాసినవి ఎవరైనా చదువుతారు, గుర్తుంటుంది కాబట్టి. విషయం పూర్తిగా మరిచిపోయాక చదవడమే పరీక్ష. ఆగిన ప్రతి చోటా ఎందుకు ఆగారో చూడండి. గీత పొడవా, రూళ్ల మీద మాట కూర్చున్న చోటా, సొంతంగా కనిపెట్టిన ఫ్రేజా? నెల తిరిగేసరికి మీ జబ్బేమిటో మీకే తెలుస్తుంది.

శామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లండ్ నౌకాదళ ఉద్యోగి 1660 నుంచి 1669 వరకు లండన్‌లో షెల్టన్ అనే ఆయన షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో డైరీ రాశాడు. తర్వాత నూటయాభై ఏళ్ల దాకా దాన్ని పూర్తిగా చదివినవాళ్లు లేరు. 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థికి ఆ పని అప్పగిస్తే, ఆయన మూడేళ్లు తలబద్దలు కొట్టుకుని విప్పాడు. ఆ పద్ధతి నేర్పే పుస్తకం అదే లైబ్రరీలో, డైరీకి కాస్త పైన ఉన్న అరల్లోనే ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నోట్‌బుక్ మొదటి పేజీ గురించి నేను ఇంత గొడవ చేసేది అందుకే.

పిట్‌మన్ నేర్చుకునే ఓపిక లేకపోతే

తెలుగులో జరిగే మీటింగుల్లో నోట్స్ తీసుకోవడానికి సొంత కుదింపు చాలు. కానీ ఇంగ్లీషు సలహాల్ని ఇక్కడ పెట్టకండి. 'అచ్చులన్నీ తీసేయండి' అంటారు. తెలుగులో తీస్తే పాలు, పూలు, పులి, పిల్ల, పల్లె అన్నీ 'పల' అయిపోతాయి. మనం కోయాల్సింది పొడుగు మాటల తోకని. ప్రభుత్వం 'ప్రభు', దరఖాస్తు 'దర', జాబితా 'జాబి'. మొదటి రెండు అక్షరాలు గుణింతంతో సహా ఉంచండి. 'మం' అని రాస్తే మంగళవారమో మండలమో మంత్రో తెలియదు, 'మంగ' అని రాయండి.

రెండు చోట్ల మాత్రం కత్తెర పెట్టొద్దు. ఒకటి విభక్తి: 'రాము ఇచ్చాడు', 'రాముకి ఇచ్చాడు' ఒకటి కావు. రెండోది క్రియ చివర. తెలుగులో అవునో కాదో తేలేది వాక్యం ఆఖరున, 'ఇస్తారు', 'ఇవ్వరు' అని. సరిగ్గా అక్కడికొచ్చేసరికి చెయ్యి అలిసిపోయి గీకేస్తుంది. నేనైతే వ్యతిరేకం వినపడగానే క్రియకి ముందే ఇంటూ గుర్తు పెట్టేస్తాను. 'మంగళవారంలోగా డబ్బు కట్టనివాళ్ల పేర్లు జాబితాలో చేర్చకూడదు' అంటే 'మంగ లోగా ×కట్ట పేర్లు జాబిలో ×చేర్చ'. రెండో ఇంటూ పడకపోతే చేర్చకూడని పేర్లన్నీ చేరిపోతాయి.

మాట్లాడేటప్పుడు వాడే షార్ట్‌హ్యాండ్

కాగితం మీదే కాదు, మాటల్లోనూ రోజూ ఇదే చేస్తుంటాం. రామాయణమంతా 'కట్టె, కొట్టె, తెచ్చె'. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతని తెచ్చాడు. కథ తెలిసినవాడికి మూడు మాటలు చాలు, తెలియనివాడికి ముప్ఫై చెప్పినా చాలవు. 'సైంధవుడిలా అడ్డుపడ్డాడు', 'ఫైలు త్రిశంకు స్వర్గంలో ఉంది' అంటాం. 'ఇంట గెలిచి...' అని ఆపేస్తాం, మిగతాది ఎదుటివాళ్లు పూరించుకుంటారు. కలిసి పనిచేసేవాళ్ల మధ్య ఇలాంటి మాటలు పెరిగితే పని చకచకా జరుగుతుంది. ఇక్కడా పరీక్ష అదే, విప్పగలిగేవాళ్లు వింటున్నారా లేదా.

నేను చాలాకాలం పనిచేసిన ఒక అధికారి "పాత పద్ధతిలో జవాబు పెట్టండి" అంటే చాలు, ఉత్తరం మొత్తం నేనే తయారుచేసేదాన్ని. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన కూడా మొదటి వారమే అదే మాట అన్నారు. "ఏ పాత పద్ధతి సార్?" అని అడిగాను. ఆయన మనసులో ఉన్నది తను ఇంతకుముందు పనిచేసిన ఆఫీసులోది. ఇద్దరు అధికారులు, ఒకటే మాట, రెండు వేరు వేరు ఉత్తరాలు.

కాబట్టి అలవాటైన పొట్టిమాటని కొత్తవాళ్ల ముందు వాడాల్సివస్తే మొదటిసారి ఒక్క వాక్యంలో విప్పి చెప్పండి, తర్వాత మీ ఇష్టం. రాతలో అయితే ఇంకొంచెం గట్టిగా ఉండాలి. ఆర్నెల్ల తర్వాత చదివేవాళ్లు ఎవరో మీకు తెలియదు. 'మొన్నటి గొడవ' అని రాయకుండా తేదీ, విషయం రాయండి. మనుషులకి పెట్టే పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. మీటింగులో ఎవరో ఎవరినో 'శకుని' అన్నారనుకోండి, వినేవాళ్లకి నవ్వొస్తుంది. మినిట్స్, అంటే మీటింగులో జరిగిన విషయాల రికార్డు, రాసేవాళ్లకి అందులో ఒక్క విషయం కూడా దొరకదు. ఆయన ఏం చేశాడని అంటున్నారో అది రాయాలి. అది చెప్పకపోతే ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కనవసరం లేదు.

డిక్టేషన్‌లో ఇలాంటి మాట వస్తే తప్పిపోయిన మాటకి పెట్టినట్టే మార్జిన్‌లో అడ్డగీత పెట్టండి. చివర్లో మర్యాదగా అడగండి: "సార్, 'ఆ విషయం' అన్నారు, ఏ విషయమని రాయమంటారు?" చాలామంది ఒక్క నిమిషం ఆలోచించి వివరంగా చెబుతారు. "వాళ్లకి తెలుసులే, అలాగే రాయండి" అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు అలాగే టైప్ చేసి ఇచ్చేయండి. మీకు తెలిసినంతవరకు ఆ విషయం ఏమిటో మాత్రం నోట్‌బుక్ మార్జిన్‌లో, మామూలు రాతలో రాసి పెట్టుకోండి.